నార గుర్తుంది, గుంట మరిచాను

మనవాళ్ల పార్టీల్లో కుర్రకారు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. రిటైర్ కాకముందు ఏం చేసేవారు ఆంటీ అని. ఆఖరి రెండేళ్లూ హెంప్ పండించానంటాను. అడిగినవాడు పులిహోర ప్లేటుతో సహా రెండడుగులు దగ్గరికొస్తాడు. పక్కనే ఉన్న వాళ్లమ్మ రెండడుగులు వెనక్కి వేస్తుంది. ఇద్దరిదీ పొరపాటే. ముందుకొచ్చినవాడికి నా దగ్గర దొరికేదేమీ లేదు, వెనక్కెళ్లిన ఆవిడకి జరిగే ప్రమాదమూ లేదు.

హెంప్ గంజాయి జాతిదే. ఇంటిపేరు ఒకటే, ఒంటి గుణం వేరు. మత్తునిచ్చే పదార్థం నూటికి పాయింటు మూడు పాళ్లు దాటనంతవరకూ అది నార పంట. దాటితే నేరం, దగ్ధం చేసెయ్యాలి. నారకీ నేరానికీ మధ్య ఉన్నది ఆ కాస్త దశాంశ బిందువే. గంజాయి వనంలో తులసి మొక్క అని మనవాళ్లు ఏదో ఒక్క మొక్కని మెచ్చుకుంటారు. వనం మొత్తం తులసేనని షెరీఫ్ ఆఫీసుకి కాగితాల మీద రుజువు చేయడం 2014లో నా ఉద్యోగం.

నేను కెంటకీలో ఒక పొగాకు కౌంటీకి వ్యవసాయ సలహాదారుని. మన దగ్గర మండల వ్యవసాయాధికారి లాంటి కొలువు. ఆ ఏడు కొత్త చట్టం వచ్చి, పరిశోధన పేరుతో, రాష్ట్రం అనుమతితో హెంప్ వేయవచ్చన్నారు. ఆఫీసు మీటింగులో మా పై అధికారి, నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, నార పంటల గురించి తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాడు. నా చెయ్యి దానంతటదే లేచింది.

లేవదా మరి? మాది శ్రీకాకుళం వైపు. మీరు పచ్చడి చేసుకునే గోంగూరకి పొడుగాటి అక్క ఉంటుంది, గోగు. ఆకు కోసం కాదు, నార కోసం పెంచుతారు. ఆ చేల మధ్య పెరిగాను, ఎమ్మెస్సీ థీసిస్ గోగునార బలం మీదే రాశాను. అమెరికా వచ్చాక దాని గురించి నన్ను ఒక్క మనిషి అడిగిన పాపాన పోలేదు. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన ప్రశ్న వస్తే చెయ్యి లేస్తుంది, మెదడుని అడగదు. మధ్యాహ్నానికల్లా కాగితాల్లో నా పేరు పక్కన 'నార నిపుణురాలు' అని చేరింది. వారం తిరిగేసరికి నేనూ నమ్మేశాను.

భూమి ఇచ్చిన రైతు డెబ్భై దాటిన మనిషి. ఆరడుగుల మీద మూడంగుళాలు, మాటలు మాత్రం పొట్టివి. మూడు తరాలుగా పొగాకు ఇల్లు. పొగాకు కొనేవాళ్లు తగ్గిపోయి పొగాకు ఆరబెట్టే కొట్టం, బ్యారన్, అప్పటికి రెండేళ్లుగా ఖాళీగా ఉంది. చదువుకున్నవాళ్లెవరైనా ఆయనకి డాక్టరే, అంటే 'డాక్'. అయిదెకరాలు మాకిస్తూ ఆయన ఒక్కటే చెప్పాడు.

"ఒక్క పంట చూస్తాను, డాక్. కుదిరిందా, వచ్చే ఏడు నలభై ఎకరాలూ వేస్తాను. కుదరలేదా, పొలమంతా పక్కాయనకి మొక్కజొన్నకిచ్చేసి వరండాలో కూర్చుంటాను."

వరండాలో కూర్చోవడం గురించి ఆయన చెప్పిన తీరు చూస్తే అది వరండాలా వినిపించలేదు, ఆస్పత్రి వార్డులా వినిపించింది.

జూన్ మొదట్లో విత్తాం. చేను చుట్టూ బోర్డులు పెట్టాం: ఇది మత్తునిచ్చే పంట కాదు, దయచేసి దొంగతనం చేసి భంగపడవద్దు అన్న అర్థం వచ్చేలా. షెరీఫ్ ఆఫీసు నుంచి ఒక డెప్యూటీ వారం వారం వచ్చి చేను చూసి సంతకం పెట్టేవాడు. ఈ ఆకు తాగితే ఎంత మత్తొస్తుందని మొదటిరోజే రహస్యంగా అడిగాడు. టెలిఫోన్ స్తంభమంత చుట్ట చుట్టి తాగితే తలనొప్పి రావచ్చన్నాను. దాన్నీ పుస్తకంలో రాసుకున్నాడు. అలాంటి మనిషి, ప్రతి అంకె లెక్కకి రావాలి.

పరీక్షలు చేసే కెమిస్టు మనవాడే, కరీంనగర్ తమ్ముడు. రాష్ట్ర ల్యాబ్‌లో పనిచేసేవాడు. నన్ను అక్కా అంటూనే నా పరువు తీసే అధికారం తీసుకున్నవాడు. మా చేను పరీక్షలో సుబ్బరంగా పాసయినప్పుడు ఫోన్ చేసి, "అక్కా, నీ పంటల మత్తు అస్సల్ లేదు, నీ ఉపన్యాసంల ఉన్నంత గూడ లేదు" అన్నాడు.

ఆగస్టు చివరికి మొక్కలు పది అడుగులు దాటాయి. రోడ్డు మీద పోయే ట్రక్కులన్నీ మా చేను దగ్గరికొచ్చేసరికి ఎడ్లబండ్లయిపోయేవి. చుట్టుపక్కల రైతులు కంచె మీద మోచేతులాన్చి చూసేవారు. వాళ్లలో సగం మంది మా రైతు ఏం చేస్తే అది చేద్దామని కాచుకుని ఉన్నవాళ్లే. అక్టోబరు మొదటి శనివారం అందర్నీ పిలిచి పంట చూపించే రోజు పెట్టుకున్నాం. కార్ల తలుపుల లోపల వేసే అట్టల కోసం నార కొనే ఒక చిన్న కంపెనీ మనిషి కూడా వస్తానన్నాడు. ఆయన మెచ్చితే మా రైతుకి నలభై ఎకరాలు, లేకపోతే వరండా.

ఇక్కడ కాస్త వ్యవసాయం చెప్పక తప్పదు. నార కాడకి అతుక్కుని ఉంటుంది. కోసిన కాడల్ని కొన్నాళ్లు కుళ్లనిస్తేగాని విడిరాదు. నిషేధానికి ముందు పొగాకుతో పాటు హెంపూ వేసిన కెంటకీ తాతల పద్ధతి, కోసిన కాడల్ని చేలోనే పరిచి మంచుకి వదిలేయడం. నెల రోజులు పడుతుంది, మధ్యలో తిరగేస్తూ ఉండాలి, నార బూడిద రంగులో వస్తుంది. మా వైపు పద్ధతి, కట్టలు కట్టి నీళ్లలో ఊరవేయడం. పది పన్నెండు రోజుల్లో బంగారు తీగలాంటి నార.

మా తాత చేలోనే పరిచేవాడు, అలాగే చేద్దామన్నాడు రైతు. అప్పుడు ఊరుకుని ఉంటే ఈ వ్యాసం లేదు. నా థీసిస్ నా నోట్లోంచి దూకింది. సెప్టెంబరు ఎండగా ఉంది, మంచు పడటం లేదు, మీ తాతగారి నార బూడిద, మా నార బంగారం అని అరగంట వాయించాను. ఊరించి ఊరించి చివరికి ఊరవేయడానికి ఒప్పించాను. సగం కాడలు ఆయన ఇష్టప్రకారం చేలో, సగం నా ఇష్టప్రకారం నీళ్లలో.

నీళ్లంటే ఆయన పొలంలో ఉన్న చెరువే. ముప్పాతిక ఎకరం ఉంటుంది. ఆవులు తాగేదీ అందులోనే, ఆయన ఆదివారాలు గాలం వేసేదీ అందులోనే. పన్నెండేళ్లుగా పెంచుకుంటున్న క్యాట్‌ఫిష్‌లు ఉన్నాయి. చేపలకేమీ కాదు కదా అని అడిగాడు. మా ఊళ్లో వందల ఏళ్లుగా చేస్తున్నాం, ఏమీ కాదన్నాను. అంత ధీమాగా నా పెళ్లిలో కూడా తలూపలేదు.

అరవై నాలుగు కట్టలు నీళ్లలోకి దింపాం. పైన రాళ్లు పెట్టాం. అరవై నాలుగు అని డెప్యూటీ పుస్తకంలో రాసుకున్నాడు.

తొమ్మిదో రోజు, మంగళవారం పొద్దున, రైతు ఫోన్ చేశాడు. "రా, డాక్" అని పెట్టేశాడు. ఆయన మాటలు పొట్టివన్నాను గానీ అంత పొట్టివి కావు.

మలుపు తిరగకముందే వాసన ఎదురొచ్చింది. కారు అద్దాలు మూసినా వచ్చి పక్క సీట్లో కూర్చుంది. చెరువు కాఫీ రంగులో ఉంది. చేపలు తేలి ఉన్నాయి, తెల్లటి పొట్టలు పైకి పెట్టి, ఒడ్డు పొడుగునా. ఆవులు కంచె దగ్గర నిలబడి నీళ్ల వంక చూస్తున్నాయిగాని దిగడం లేదు. రైతు ఒక బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు.

నా పాండిత్యం మునిగి చేపలు తేలాయన్న ముక్క నాకు అప్పుడే తోచింది. చతుర్లాడే నాలుకకి సమయం, సందర్భం ఉండవు. అదృష్టం కొద్దీ పైకి అనలేదు.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "మీ ఊళ్లో చేపలు ఏం చేస్తాయి?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటుంటే నలభై అయిదేళ్ల కింద చూసిన చోటు ఒకటి కళ్ల ముందుకొచ్చింది. మా ఊళ్లో గోగు ఊరవేసేది చెరువులో కాదు. ఊరికి దూరంగా, గాలి ఊరి మీదికి రాని వైపు, గోగు గుంట అని వేరే ఉండేది. అందులో గొడ్డు దిగదు, మనిషి మొహం కడగడు, చేప అనేది ఉండనే ఉండదు. కట్టలు కుళ్లుతుంటే నీళ్లలో ప్రాణవాయువు హరించుకుపోతుందని శాస్త్రం తెలియని పిల్లలకి కూడా గుంటలో దిగకూడదని తెలుసు. శాస్త్రం చదివిన నాకు మాత్రం నార గుర్తుంది, గుంట మరిచాను. థీసిస్‌లో నార ఎంత బరువుకి తెగుతుందో నూట ఎనభై పేజీలు రాశాను. అది ఎక్కడ ఊరిందో ఒక్క ముక్క రాయలేదు. ఊరందరికీ తెలిసినదాన్ని ఎవరు రాస్తారు?

ఇదంతా ఆయనకి చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆయన లేచి, బకెట్ తిరగేసి, చనిపోయిన చేపలు ఏరడం మొదలుపెట్టాడు. నేనూ మొదలుపెట్టాను.

నేను ఫోన్ చేసిన గంటలో కెమిస్టు తమ్ముడు నీళ్ల పరీక్ష సామానుతో వచ్చాడు. కారు దిగుతూనే ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు. "ఏందక్కా గిది? నార తీస్తున్నవా, ప్రాణాలు తీస్తున్నవా?" అని, నా మొహం చూసి ఆపేశాడు. తర్వాత చాలాసేపు మాట్లాడకుండా పనిచేశాడు. తమ్ముళ్లకి తిట్టడమే కాదు, ఎక్కడ ఆపాలో కూడా తెలిసి ఉండాలి, వాడికి తెలుసు. ముందు కట్టలన్నీ బయటికి లాగాలి, తర్వాత పంపు పెట్టి నీళ్లు పైకి చిమ్మి మళ్లీ చెరువులోనే పడేలా చేస్తే గాలి కలుస్తుంది, మిగిలిన నాలుగు చేపలైనా దక్కుతాయన్నాడు. ముగ్గురం దిగాం.

సగం కట్టలు లాగేసరికి డెప్యూటీ కారు వచ్చింది. కిలోమీటరు అవతల ఉండే ఒకావిడ, ఇటువైపు నుంచి శవం వాసన వస్తోందని ఫోన్ చేసిందట. డెప్యూటీ టోపీ మూతికి అడ్డం పెట్టుకుని, "శవం ఉందా?" అని అడిగాడు.

రైతు చేపల గుట్ట వైపు చెయ్యి చూపించాడు. "చాలా ఉన్నాయి. ఏది కావాలో తీసుకో."

ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి పెద్ద వాక్యం అది. నాకు కొంచెం ఊపిరి ఆడింది, ఆ వాసనలో ఎంత ఆడగలదో అంత.

శవం లేదని తేలాక డెప్యూటీ వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. పుస్తకం తీశాడు. లైసెన్స్ పంట ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదులుతోంది కాబట్టి లెక్క చూడాలన్నాడు. ఒడ్డున కుళ్లు కారుతున్న కట్టల మధ్య తిరుగుతూ, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా, లెక్కపెట్టాడు. అరవై మూడు. మళ్లీ లెక్కపెట్టాడు. అరవై మూడు. పుస్తకంలో అరవై నాలుగు ఉంది, ఒక కట్ట మాయమైతే తను పైకి రాయాలన్నాడు. ఆ కట్టని దొంగిలించేవాడెవడైనా ఉంటే వాడికి ముక్కు ఉండదని తమ్ముడు వాదించాడు. చట్టంలో ముక్కు ప్రస్తావన లేదన్నాడు డెప్యూటీ.

నేను మళ్లీ దిగాను. కాళ్లతో తడుముకుంటూ వెళ్లాను. మధ్యలో ఒకచోట కాలికి కట్ట తగిలింది, తగిలింది అనుకునేలోపల కాలు జారింది. అరవై నాలుగో కట్టతో సహా నేను పైకి వచ్చేసరికి డెప్యూటీ టోపీ తీసి గౌరవంగా నిలబడి ఉన్నాడు. సంతకం పెట్టి వెళ్లాడు. మా ఆయన ఆ సాయంత్రం నన్ను ఇంట్లోకి రానివ్వలేదు. గ్యారేజీ ముందు నిలబెట్టి మొక్కలకి నీళ్లు పట్టే పైపుతో కడిగి, ఆ తర్వాత పలకరించాడు.

చెప్పుకోవలసిన ముక్క ఇంకోటి ఉంది. నార నిజంగానే బంగారంలా వచ్చింది. రెండు రోజులు కూర్చుని కాడల నుంచి ఒలిచి, కుళాయి నీళ్లలో కడిగి, బ్యారన్‌లో ఆరవేస్తే ఆ చీకట్లో వెలుగుతున్నట్టుంది. నాకు దాని వంక చూడటానికి సిగ్గేసింది.

శుక్రవారం పై అధికారికి మొత్తం చెప్పాను. ఆయన, రేపు జనాన్ని బ్యారన్ దాటి తీసుకెళ్లకు, నార చూపించు, చెరువు సంగతి రిపోర్టులో తర్వాత రాద్దామన్నాడు. పంట మీద పదిమందికీ నమ్మకం కుదరవలసిన రోజున చచ్చిన చేపల కథ ఎందుకన్నాడు. చెడ్డ మనిషి కాదు. ఆయన చెప్పినదాంట్లో న్యాయం లేకపోలేదు కూడా. కార్యక్రమం పాడైతే నష్టపోయేది నేను కాదు, నాకు రెండేళ్లలో పింఛను. నష్టపోయేది మా రైతు.

అందుకని శనివారం పొద్దున ఆయన్నే అడిగాను, ఏం చెప్పమంటావని. ఆయన బ్యారన్ తలుపు తెరుస్తూ, "నీ నోరు, నీ ఇష్టం, డాక్" అన్నాడు.

యాభై మంది దాకా వచ్చారు. నార చేతికిచ్చాను. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్తుంటే జనం మొహాలు మారిపోయాయి. పొగాకు పోయాక చాలాకాలానికి ఆ కౌంటీలో రైతులు ఒక పంట వంక ఆశగా చూడటం నేను చూశాను. కంపెనీ మనిషి రెండు పోగులు మెలిపెట్టి లాగి చూసి, ఇది ఎలా తీశారని అడిగాడు. నీళ్లలో ఊరవేసి అన్నాను. వెంటనే వెనక నుంచి పక్క పొలం మొక్కజొన్న రైతు చెయ్యెత్తాడు.

"మా ఇంటి దగ్గరా చెరువుంది. అందులో వేసుకోవచ్చా?"

అబద్ధం చెప్పక్కర్లేదు, కాస్త నీళ్లు నమిలితే చాలు. కాని ఆ నీళ్లు ఎలాంటివో నాకు తెలుసు. వేసుకోకూడదు, ఎందుకో చూపిస్తాను రండని యాభై మందినీ చెరువు దగ్గరికి నడిపించాను. మా అధికారి చొక్కా కాలర్ సర్దుకోవడం కనబడింది. చెరువు అప్పటికి కాఫీ నుంచి టీ రంగుకి వచ్చింది. వాసన మాత్రం ఉంది. అక్కడ నిలబడి, ఎన్ని చేపలు పోయాయో, ఎవరి వల్ల పోయాయో, మా ఊరి గుంట సంగతి నేనెలా మరిచిపోయానో చెప్పాను. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో నేనిచ్చిన ఉపన్యాసాల్లో ఎవరూ గడియారం చూడనిది అదొక్కటే.

మొక్కజొన్న రైతు టోపీ వెనక్కి జరిపి, అయితే మా చెరువు జోలికి రావద్దు అన్నాడు. నవ్వారు. మా రైతు నవ్వలేదు. చేలోకి నడిచివెళ్లి ఒక చంకెడు కాడలు తెచ్చి కంపెనీ మనిషి ముందు పడేశాడు. చేలో పరిచినవి. వాళ్ల తాత పద్ధతివి. నేను నా బంగారం చుట్టూ తిరుగుతున్నన్ని రోజులూ ఆయన తన కాడలకి పైపుతో నీళ్లు చిలకరిస్తూ, రెండుసార్లు తిరగేశాడట. నాకు చెప్పలేదు, నేను అడగలేదు. కాడ విరిచి చూపించాడు. నార వచ్చింది. బూడిద రంగు, మొరటు.

కంపెనీ మనిషి, తలుపు లోపల వేసే అట్టకి రంగుతో పనిలేదు, ఇది చాలు, కాకపోతే ఇంకో వారం పరచి ఉంచాలి అన్నాడు. కొంటానని అనలేదు. చలికాలంలో మాట్లాడదామని కార్డు ఇచ్చాడు. ఆ కార్డు రైతు చొక్కా జేబులోకి వెళ్లింది, ఆయన మనసులోకి వెళ్లిందో లేదో తెలియలేదు.

నేను రిపోర్టు రాశాను. దాచకుండా రాశాను. నీళ్ల శాఖ నుంచి ఒక ఘాటైన ఉత్తరం వచ్చింది, నా పేరు మీద. రైతు నుంచి మాత్రం నవంబరు లేదు, డిసెంబరు లేదు, జనవరి లేదు. తమ్ముడు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ముసలాయన వరండా ఎక్కిండా?" అని అడిగేవాడు. తెలియదనేదాన్ని. వెళ్లి అడిగే మొహం లేదు. ఫిబ్రవరి చివర్లో ఫోన్ వచ్చింది. మళ్లీ అదే: "రా, డాక్."

ఈసారి వాసనేమీ లేదు. ఆయన ఇంటికి దూరంగా, పొలం చివర, గాలివాలు చూసుకుని మట్టి తవ్వే యంత్రం నిలబెట్టి ఉంచాడు. నేల మీద సున్నంతో నలుచదరంగా గీతలు గీసి ఉన్నాయి. కంపెనీతో మాట కుదిరింది, నలభై ఎకరాల నార తలుపు అట్టలకి పోతుంది, కానీ ఆ బంగారు నార ఒక్క ఎకరానిదైనా తీసి చూడాలని ఉంది అన్నాడు. నీళ్ల శాఖకి అర్జీ కూడా పెట్టేశాడు. గీతల మధ్యకి నడిచి, మీ ఊళ్లో గుంట ఎంత లోతు అని అడిగాడు.

ఆనాడు మీటింగులో దానంతటదే లేచిన చెయ్యి ఇప్పుడూ ఎంతో కొంత లోతు చూపించేసేదే. జేబులో పెట్టుకున్నాను. తెలియదు, కనుక్కుని చెబుతానన్నాను.

మర్నాడు పొద్దున మా ఊరికి ఫోన్ చేశాను. నా థీసిస్ రోజుల్లో గోగు పరిశోధన కేంద్రంలో మాతో పనిచేసిన కూలీల మేస్త్రీ ఒకాయన, ఎనభై దగ్గర పడినవాడు, ఫోన్‌లోకి వచ్చాడు. విషయం చెప్పాను.

"అమ్మగోరూ, తవరు అంతలావు పుస్తకం రాసింది దీని మీదే గదేటి?"

అవునన్నాను. గుంట సంగతి అందులో రాయలేదన్నాను. ఆయన నవ్వాపుకుంటూ చెప్పాడు. "మొల లోతండి. మడిసి నిలబడి ఒలవాల గదా. ఎవులు దిగుతారో ఆల మొల చూసి తవ్వుకోవాల."

అదే వెళ్లి మా రైతుకి చెప్పాను. ఆయన నా వంక, తన వంక చూసుకున్నాడు. నేను అయిదడుగులకి ఒక అంగుళం తక్కువ. ఆయన జేబులోంచి టేపు తీసి నా పక్కన నిలబెట్టి కొలిచాడు, యంత్రం నడిపేవాడికి కేకేసి అంకె చెప్పాడు.

"నీ మొల లోతే, డాక్. దిగేది నువ్వే."